పాత జాయ్‌స్టిక్‌కి డ్రైవర్ వెతికే ముందు

భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లకి విమానాల మీద మోజు బాగా పెరిగింది. 2024 జూన్‌లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యాక ఇళ్లలోనూ ఆ మాటలే వినబడుతున్నాయి. పైలట్ శిక్షణకి కట్టే డబ్బు అందరి దగ్గరా ఉండదు గానీ, కంప్యూటర్లో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్ నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్న కంప్యూటర్ చాలు. ఆ విమానాన్ని తిప్పే కర్ర, అంటే జాయ్‌స్టిక్, కొత్తదాని ధర చూసి వెనకాడినవాళ్లు పాతదాన్ని వెతుక్కుంటారు. అటక మీంచి దించినదో, హైదరాబాద్ నుంచి బావ పంపినదో, విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో దొరికినదో తెచ్చి తగిలిస్తారు. అది కదలదు. షాపుకి పట్టుకెళ్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "డ్రైవర్ పోనాది బాబూ. సీడీ ఉంటే తే, ఎక్కించేద్దాం."

డ్రైవర్ అంటే జాయ్‌స్టిక్ పంపేది విండోస్‌కి అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామ్. నేను చూసినంతలో పోయింది డ్రైవర్ కాని సందర్భాలే ఎక్కువ. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటుంది. బాగానే ఉన్న జాయ్‌స్టిక్‌ని చెడగొట్టేది చాలాసార్లు ఆ సీడీయే. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు పని చేయగల వస్తువుని డ్రైవర్ దొరకలేదని పాత సామాన్లకి వేసేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అందుకే దీన్ని మొదటినుంచి విడమరిచి చెప్పాలనిపించింది.

మన చేయి కదిలిన దగ్గర్నుంచి తెర మీద విమానం ఒరిగేదాకా సమాచారం చాలా చేతులు మారుతుంది. కర్ర కింద ఉన్న సెన్సర్ కదలికని విద్యుత్తుగా మారుస్తుంది. లోపలి చిప్ దాన్ని అంకెగా మారుస్తుంది. ఆ అంకె కేబుల్ మీదుగా పోర్టుకి చేరుతుంది. విండోస్‌లోని డ్రైవర్ దాన్ని చదువుతుంది. ఆ పైన కర్ర హద్దులు, మధ్య ఎక్కడో గుర్తుంచుకునే కాలిబ్రేషన్ దాన్ని సవరిస్తుంది. అప్పుడు సిమ్యులేటర్ అందుకుని, ఈ అంకె విమానాన్ని పక్కకి ఒరిగించే ఐలెరాన్‌దా, ముక్కుని అటూ ఇటూ తిప్పే రడ్డర్‌దా అని తన సెట్టింగ్స్‌లో చూసుకుని విమానాన్ని కదుపుతుంది. వీటిలో ఏది తెగినా బయటికి కనిపించేది ఒకటే, జాయ్‌స్టిక్ పని చేయడం లేదు. కాబట్టి డ్రైవర్ కోసం ఇంటర్నెట్‌లో పడే ముందు, ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడ ఆగింది అన్నది తేల్చుకోవాలి.

ముందు ప్లగ్ చూడండి

తీగ చివర డి ఆకారంలో, రెండు వరసల్లో 15 పిన్నులున్న ప్లగ్ కనిపిస్తే అది గేమ్ పోర్ట్ జాయ్‌స్టిక్. మానిటర్‌కి పెట్టే వీజీఏ ప్లగ్‌కీ 15 పిన్నులే గానీ అవి మూడు వరసల్లో ఉంటాయి, కంగారు పడి దాన్ని వీజీఏలో దూర్చకండి. ఐబీఎం 1981లో తన మొదటి పీసీకి గేమ్ కంట్రోల్ అడాప్టర్ అనే కార్డు తెచ్చింది. ఆ పద్ధతే తర్వాత సౌండ్ కార్డుల వెనక భాగంలోకి చేరి, తొంభైల దాకా నడిచింది.

అది పని చేసే తీరు తెలిస్తే, ఈ రోజు దానికి డ్రైవర్ ఎందుకు దొరకదో అర్థమవుతుంది. జాయ్‌స్టిక్‌లో ఉండేది దాదాపు సున్నా నుంచి 100 కిలో ఓమ్‌ల దాకా మారే రెసిస్టర్ మాత్రమే. కార్డు మీద ఒక కెపాసిటర్ ఉంటుంది. ప్రాసెసర్ "మొదలుపెట్టు" అనగానే ఆ కెపాసిటర్ రెసిస్టర్ గుండా ఛార్జ్ అవుతుంది. నిండడానికి ఎంతసేపు పట్టిందో ప్రాసెసరే కూర్చుని లెక్కపెడుతుంది. కర్ర ఒక చివర ఉంటే సుమారు 24 మైక్రోసెకన్లు, రెండో చివర ఉంటే 1100 మైక్రోసెకన్ల పైచిలుకు. ఆ సమయమే కర్ర ఎక్కడుందో చెబుతుంది. లెక్కపెట్టేది ప్రాసెసర్ కాబట్టి కంప్యూటర్ మారితే అంకెలు కూడా మారేవి. పాత ఆటలు మొదట్లో కర్రని నాలుగు మూలలకీ తిప్పమని అడగడానికి ఇదో ముఖ్య కారణం.

ఈ పద్ధతిలో జాయ్‌స్టిక్ తన పేరు చెప్పుకోలేదు. తనకి ఎన్ని బటన్లున్నాయో కూడా చెప్పలేదు. పోర్టు మొత్తానికి నాలుగు యాక్సిస్‌లు (కదలిక దిశలు), నాలుగు బటన్లు, అంతే. కర్ర మీద బొటనవేలితో తిప్పే హ్యాట్ స్విచ్ పెట్టాలనుకున్న కంపెనీలు అందుకే రకరకాల ఉపాయాలు పన్నాయి. థ్రస్ట్‌మాస్టర్ తన ఎఫ్‌సీఎస్ స్టిక్‌లో హ్యాట్‌ని నాలుగో యాక్సిస్ మీద వేరువేరు విలువలుగా పంపింది. సీహెచ్ ప్రొడక్ట్స్ ఫ్లైట్‌స్టిక్ ప్రోలో ఒకటికి మించిన బటన్లు కలిపి నొక్కినట్టు సంకేతం పంపి హ్యాట్ పని చేయించింది. మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ 3డీ ప్రో అయితే అదే పోర్టు మీద సొంత డిజిటల్ భాష మాట్లాడింది. అప్పటి సీడీల్లోని డ్రైవర్లు ఈ ఉపాయాల్ని విండోస్‌కి అర్థమయ్యేలా విప్పి చెప్పేవి. అప్పట్లో వాటి అవసరం నిజంగానే ఉండేది.

విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ గేమ్ పోర్టునే వదిలేసింది. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన ఏ విండోస్‌లోనూ దానికి చోటు లేదు. అంటే విండోస్ 10, 11 కోసం గేమ్ పోర్ట్ డ్రైవర్ అంటూ ఎవరైనా డౌన్‌లోడ్ ఇస్తుంటే దాని జోలికి పోవద్దు. అక్కడ దొరికేది మీ జాయ్‌స్టిక్‌కి పనికొచ్చేది మాత్రం కాదు.

మిగిలిన దారి గేమ్ పోర్ట్ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. మామూలు అడాప్టర్ నాలుగు యాక్సిస్‌లు, నాలుగు బటన్లు చదివి యూఎస్‌బీ మీద పంపుతుంది. సాదా స్టిక్‌కి అది చాలు. హ్యాట్ ఉన్న స్టిక్ అయితే అడాప్టర్‌కి ఆ కంపెనీ ఉపాయం తెలిసుండాలి. తెలియకపోతే హ్యాట్ తిప్పినప్పుడు ఇంజిన్ శక్తిని మార్చే థ్రాటిల్ ఎగిరిపడటమో, బటన్లన్నీ ఒక్కసారే వెలగడమో కనిపిస్తుంది. సైడ్‌వైండర్ 3డీ ప్రో లాంటి స్టిక్‌లు డిజిటల్‌గా పని చేయాలంటే ఆ భాష తెలిసిన ప్రత్యేక అడాప్టరే కావాలి. ఎలక్ట్రానిక్స్ అభిమానులు చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో అలాంటివి తయారు చేసుకుంటున్నారు. రాజాం, టెక్కలి కాలేజీల్లో ఈసీఈ చదివే పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు కూడా ఉంది. సైడ్‌వైండర్ ప్రెసిషన్ ప్రో వంటి కొన్ని స్టిక్‌లతో కంపెనీయే ఒక యూఎస్‌బీ అడాప్టర్ ఇచ్చింది. చూడ్డానికి అది పైన చెప్పిన అడాప్టర్ లాగే ఉంటుంది. కానీ దాని లోపల తీగలు తప్ప ఏమీ ఉండవు. గేమ్ పోర్ట్, యూఎస్‌బీ రెండు భాషలూ స్టిక్‌కే వచ్చు, ఆ ముక్క కేవలం పిన్నుల్ని కలుపుతుంది. దాన్ని వేరే స్టిక్‌కి పెడితే కంప్యూటర్‌కి అక్కడ ఏమీ ఉన్నట్టే తెలియదు. పాత సామాన్ల షాపులో ఇలాంటి అడాప్టర్ ఒంటరిగా కనిపిస్తే కొనకండి.

విండోసే కావాలన్న పట్టుదల లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. విండోస్ వదిలేశాక కూడా గేమ్ పోర్ట్ డ్రైవర్లు లినక్స్‌లో ఏళ్ల తరబడి కొనసాగాయి. వెనక గేమ్ పోర్టున్న పీసీఐ సౌండ్ కార్డుతో పాత డెస్క్‌టాప్ ఒకటి మూలన పడి ఉంటే, దాని మీద లినక్స్, ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్ పాత వెర్షన్ పెట్టుకోవచ్చు. అడాప్టర్ ఖర్చు తప్పుతుంది.

యూఎస్‌బీ స్టిక్ తన గురించి తానే చెబుతుంది

ప్లగ్ యూఎస్‌బీ అయితే కథ పూర్తిగా మారిపోతుంది. యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లు హెచ్‌ఐడీ అనే ఉమ్మడి పద్ధతిని పాటిస్తాయి. కీబోర్డు, మౌస్ కూడా ఆ కోవవే. తగిలించగానే స్టిక్ తన వివరాలు తానే పంపుతుంది. నాకు ఇన్ని యాక్సిస్‌లు, ఒక్కొక్కటి ఇన్ని బిట్లు, ఇన్ని బటన్లు, ఒక హ్యాట్ అని. ఆ వివరం చదివే డ్రైవర్ విండోస్ 98 కాలం నుంచి విండోస్‌తోనే వస్తోంది. కొత్త మౌస్ కొన్నప్పుడు మీరు సీడీ అడగరు కదా. యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌కీ అంతే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది కాబట్టి చాలామంది 11కి మారుతున్నారు. మారితే పాత స్టిక్ పని చేయదేమోనన్న భయం ఈ పద్ధతి పాటించే స్టిక్‌లకి అక్కర్లేదు.

మరి ఆ సీడీలో ఏముండేది? ఎక్కువగా ప్రొఫైల్ సాఫ్ట్‌వేర్. ఒక బటన్ నొక్కితే నాలుగు కీలు నొక్కినట్టు చేయడం, సైటెక్ ఎక్స్52 మీదున్న చిన్న తెర వెలిగించడం, దీపాల రంగు మార్చడం లాంటి పనులకి అది కావాలి. చేతికి ఎదురుతన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉన్న కొన్ని మోడళ్లకి సొంత డ్రైవర్ అవసరమైన మాట నిజమే. అయితే అందులోనూ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 వంటివి విండోస్ సొంత డ్రైవర్‌తోనే నడుస్తాయి. కర్ర కదలడానికి, బటన్ నొక్కడానికి సీడీ అక్కర్లేదు.

ఎక్స్‌పీ నాటి సీడీని ఈనాటి కంప్యూటర్లో ఎక్కిస్తే ఏమవుతుందో చూద్దాం. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో లోడ్ కానే కాదు. విస్టా నుంచి 64 బిట్ విండోస్ ఎవరు తయారు చేశారో రుజువు చేసే డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని ఒప్పుకోదు. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి ఆ నిబంధన ఇంకా బిగిసింది, కొత్త డ్రైవర్లకి మైక్రోసాఫ్ట్ సంతకమే ఉండాలి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లని సంతకం ఉన్నా ఆపేస్తుంది. ఇన్ని గోడలు దాటలేక ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోతుంది. ఆ సగం ముక్కలు విండోస్ సొంత డ్రైవర్‌కి అడ్డం పడతాయి. అంతకుముందు దాకా బాగా నడిచిన స్టిక్ పక్కన ఇప్పుడు పసుపు త్రికోణం వస్తుంది. "డ్రైవర్ పోనాది" అన్న మాట అప్పుడు నిజమవుతుంది.

మెమరీ ఇంటెగ్రిటీ ఆపేయమని, సంతకాల తనిఖీ తీసేయమని సలహాలు చాలా తిరుగుతున్నాయి. జాయ్‌స్టిక్ మీదున్న దీపం వెలగడం కోసం కంప్యూటర్ మొత్తానికి ఉన్న రక్షణ తీసేయడం నాకు సమ్మతం కాదు. అదే కంప్యూటర్లో ఇంట్లో వాళ్ల బ్యాంకు లావాదేవీలు కూడా జరుగుతుంటాయి.

విండోస్‌కి ఏం కనిపిస్తోంది?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. గేమ్ కంట్రోలర్ల జాబితా తెరుచుకుంటుంది. విండోస్ 11లోనూ అది ఉంది. సిమ్యులేటర్ తెరవక ముందే చూడాల్సిన చోటు ఇదే. ఇక్కడ స్టిక్ పేరు కనిపించి, ప్రాపర్టీస్‌లోని టెస్ట్ పేజీలో కర్రతోపాటు గుర్తు కదులుతుంటే డ్రైవర్ గొడవ అక్కడితో అయిపోయినట్టే. కేబుల్, చిప్, విండోస్ అన్నీ తమ పని చేస్తున్నాయి. వెతకాల్సింది ఆ పైన.

జాబితాలో అసలు లేకపోతే, కంప్యూటర్‌లోని పరికరాలన్నీ చూపే డివైస్ మేనేజర్ తెరవండి. తగిలించినప్పుడు, తీసినప్పుడు ఆ జాబితాలో ఏ కదలికా లేకపోతే విద్యుత్తో సంకేతమో చేరడం లేదు. తీగ తెగిందో, పోర్టు పాడైందో అయి ఉంటుంది. పాత స్టిక్‌లలో తీగ తెగేది ఎక్కువగా పీఠం దగ్గర, అది వంగే చోట. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో అయితే ప్లగ్‌లోని పలకల మీద ఉప్పుగాలికి పొర పట్టడం కూడా మామూలే.

"అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్" అని, కోడ్ 43 అని కనిపిస్తే స్టిక్ తన వివరాలు చెప్పబోయి మధ్యలో ఆగిపోయిందని అర్థం. దీన్ని చూసే అందరూ డ్రైవర్ వెతకడం మొదలుపెడతారు. కానీ తానెవరో స్టిక్ చెప్పనే లేదు, ఇక దేనికని డ్రైవర్ ఎక్కిస్తాం? ఇది దాదాపు ఎప్పుడూ తీగ, పోర్టు, విద్యుత్తు సమస్యే. క్యాబినెట్ ముందు వైపు పోర్టులు లోపల సన్నటి తీగతో మదర్‌బోర్డుకి కలిసి ఉంటాయి, వాటిని వదిలి వెనక పోర్టులో పెట్టండి. చాలా పాత స్టిక్‌లు యూఎస్‌బీలో అతి తక్కువ వేగమైన 1.5 మెగాబిట్ల మీద నడుస్తాయి. కొన్ని కొత్త కంప్యూటర్ల నీలం రంగు పోర్టులతో వీటికి పొసగదు. మధ్యలో సొంత పవర్ అడాప్టర్‌తో వచ్చే యూఎస్‌బీ 2.0 హబ్ ఒకటి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

కోడ్ 28 అంటే డ్రైవర్ ఏదీ తగులుకోలేదు. కోడ్ 39 అంటే ఉన్న డ్రైవర్ ఫైలు పాడైంది లేదా లోడ్ కాలేదు. కోడ్ 52 అంటే సంతకం సరిపోలేదు. ఈ మూడూ నిజమైన డ్రైవర్ సమస్యలు. వీటికి మందు కొత్త డ్రైవర్ ఎక్కించడం కంటే పాత ముక్కల్ని తీసేయడమే. స్టిక్ తీసేసి, దానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్‌ని కంట్రోల్ ప్యానెల్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో దాగిన పరికరాల్ని చూపించమంటే పాత ఎంట్రీలు బూడిద రంగులో బయటపడతాయి. వాటిలో స్టిక్‌కి చెందినవాటిని తీసేస్తూ, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తొలగించమన్న పెట్టెకి టిక్కు పెట్టండి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, సీడీ జోలికి పోకుండా స్టిక్ తగిలించండి. కాసేపట్లో విండోస్ తన డ్రైవర్ తానే పెట్టుకుంటుంది.

తప్పు కంప్యూటర్‌దా, స్టిక్‌దా అని తేలకపోతే రెండో కంప్యూటర్లో పెట్టి చూడటం మేలు. రెండోది లేనివాళ్లకి ఫోన్ ఉంది. ఓటీజీ కేబుల్‌తో స్టిక్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌కి తగిలించండి. చాలా ఫోన్లు హెచ్‌ఐడీ జాయ్‌స్టిక్‌ని గుర్తిస్తాయి. హ్యాటో కర్రో కదిపితే హోమ్ స్క్రీన్ మీద ఎంపిక ఒక ఐకాన్ నుంచి ఇంకోదానికి జరుగుతుంది. జరిగిందంటే స్టిక్ బతికే ఉంది.

నిజంగానే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలనుకుంటే స్టిక్ ఎవరిదో కచ్చితంగా తెలుసుకుని వెతకండి. స్టిక్కర్ చెరిగిపోయినా పర్వాలేదు. డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్‌లోకి వెళ్తే వీఐడీ, పీఐడీ అని రెండు సంఖ్యలుంటాయి. వీఐడీ కంపెనీ గుర్తు. 045ఇ మైక్రోసాఫ్ట్, 046డి లాజిటెక్, 044ఎఫ్ థ్రస్ట్‌మాస్టర్, 068ఇ సీహెచ్ ప్రొడక్ట్స్, 06ఎ3 సైటెక్. పీఐడీ మోడల్ గుర్తు. ఉదాహరణకి 046డి, సి215 కలిసి కనిపిస్తే అది లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో. సైటెక్ వాళ్లకి ఇంకో గందరగోళం ఉంది. ఆ కంపెనీని 2007లో మ్యాడ్ క్యాట్జ్ కొంది. 2016లో సైటెక్ విమాన పరికరాల విభాగం లాజిటెక్ చేతికి వెళ్లింది. మరుసటి ఏడు మ్యాడ్ క్యాట్జ్ దివాలా తీసింది. అందుకే స్టిక్ మీద సైటెక్ అని ఉన్నా సాఫ్ట్‌వేర్ లాజిటెక్ సపోర్ట్ పేజీల్లో వెతకాలి. కంపెనీ సొంత సైట్ తప్ప, "మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో" అనే ప్రోగ్రాముల్ని దగ్గరికి రానివ్వకండి.

ఎగురుతూ ఎగురుతూ మధ్యలో స్టిక్ మాయమై మళ్లీ వస్తుంటే విద్యుత్ పొదుపు సెట్టింగ్‌ని అనుమానించండి. కాసేపు కదలని యూఎస్‌బీ పరికరాన్ని విండోస్ నిద్రపుచ్చుతుంది, పాత స్టిక్‌లు కొన్ని ఆ నిద్రలోంచి లేవవు. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ఉన్న టిక్కు కూడా తీసేయండి.

కాలిబ్రేషన్ మిగిల్చిన జ్ఞాపకం

టెస్ట్ పేజీలో గుర్తు కదులుతోంది, కానీ మధ్యలో నిలవడం లేదు, లేదా ఒక వైపు చివరిదాకా పోవడం లేదు అనుకోండి. దీన్నీ డ్రైవర్ ఖాతాలో వేస్తారు. అసలు సంగతి వేరు. ఎప్పుడో చేసిన కాలిబ్రేషన్‌ని విండోస్ తన సెట్టింగ్స్ ఉంచుకునే రిజిస్ట్రీలో, వీఐడీ పీఐడీల పేరున, దాచుకుంటుంది. డ్రైవర్ తీసి మళ్లీ పెట్టినా ఆ జ్ఞాపకం పోదు. అందుకే మూడుసార్లు రీఇన్‌స్టాల్ చేసినా అదే తప్పు మళ్లీ కనిపించి మనిషిని విసిగిస్తుంది. జాయ్ డాట్ సీపీఎల్‌లో సెట్టింగ్స్ పేజీకి వెళ్లి, డిఫాల్ట్‌కి రీసెట్ చేసే బటన్ ముందు నొక్కండి. చాలా యూఎస్‌బీ స్టిక్‌లకి ఆ తర్వాత కాలిబ్రేషన్ అవసరమే ఉండదు.

ఈ జ్ఞాపకం ఒక్కో యూజర్‌కి విడివిడిగా ఉంటుంది. కాబట్టి ఇంకో పరీక్ష సులువుగా చేయొచ్చు. విండోస్‌లో కొత్త యూజర్ అకౌంట్ తెరిచి అక్కడ స్టిక్ చూడండి. అక్కడ బాగుంటే తప్పు పాత కాలిబ్రేషన్‌దే, స్టిక్‌ది కాదు.

ఎక్స్-ప్లేన్ వంటి సిమ్యులేటర్లు సొంత కాలిబ్రేషన్ కూడా చేస్తాయి. విండోస్ ఒకసారి సవరించినదాన్ని సిమ్యులేటర్ మళ్లీ సవరిస్తే కర్ర సగం దూరం వెళ్లగానే రెక్క పూర్తిగా తిరిగిపోవచ్చు. ఏదో ఒక్కచోటే చేయండి.

సిమ్యులేటర్ లోపల

జాయ్ డాట్ సీపీఎల్‌లో అంతా సవ్యంగా ఉండి సిమ్యులేటర్లో మాత్రం కదలకపోతే, చాలాసార్లు ఆ స్టిక్‌కి ఏ పనీ అప్పగించలేదన్నమాట. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి పేరున్న స్టిక్‌ల ప్రొఫైళ్లు ముందే తెలుసు. తెలియని పాత స్టిక్‌కి ఖాళీ ప్రొఫైల్ ఇస్తుంది. కంట్రోల్స్ పేజీలో ఐలెరాన్లు, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ వంచేది), రడ్డర్, థ్రాటిల్ నాలుగూ మీరే అప్పగించాలి. 2006 నాటి ఎఫ్‌ఎస్‌ఎక్స్ (ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్)లో అయితే సెన్సిటివిటీ, నల్ జోన్ (మధ్యలో చిన్న కదలికని పట్టించుకోని మేర) స్లైడర్లు కూడా చూడండి. సెన్సిటివిటీ సున్నాకి పడిపోయి ఉంటే స్టిక్ చచ్చినట్టే కనిపిస్తుంది.

దీనికి విరుద్ధమైన ఇబ్బంది, ఒకే పనిని రెండు పరికరాలకి అప్పగించడం. స్టిక్‌ని మెలితిప్పితే రడ్డర్, కాళ్ల దగ్గర పెడల్స్‌కీ రడ్డర్. ఏది చివరగా కదిలితే దాని మాటే చెల్లుతుంది. పెడల్స్ కొంచెం వణికినా రన్‌వే మీద విమానం అటూ ఇటూ పోతుంది. పక్కన ఊరికే తగిలించి ఉన్న ఎక్స్‌బాక్స్ ప్యాడ్ వల్ల కూడా ఇలాగే జరుగుతుంది. ఆటలు అమ్మే స్టీమ్‌లో సిమ్యులేటర్ కొన్నవాళ్లు స్టీమ్ ఇన్‌పుట్‌ని ఆ ఆటకి ఆపేసి చూడండి, అది మధ్యలో దూరి స్టిక్‌ని గేమ్‌ప్యాడ్‌గా మార్చి చూపిస్తుండొచ్చు.

విమానాలున్నా సిమ్యులేటర్లు కాని కొన్ని ఆటలు ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతి మాత్రమే వింటాయి. అది ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ల కోసం పుట్టింది. పాత జాయ్‌స్టిక్‌లు మాట్లాడేది డైరెక్ట్‌ఇన్‌పుట్. అలాంటి ఆటలో స్టిక్ కనిపించకపోతే స్టిక్ డ్రైవర్ మళ్లీ ఎక్కించినంత మాత్రాన అది మారదు.

స్క్రూలు విప్పాల్సి వస్తే

అన్నీ చూశాక మిగిలేది స్టిక్ లోపలి అరుగుదల. దీన్ని విప్పకుండానే కనిపెట్టొచ్చు. కాలిబ్రేషన్ విజార్డ్‌లో, ఏ సవరణా లేని ముడి అంకెలు చూపించే టిక్కు పెట్టె ఒకటుంది. అది పెట్టి కర్రని చాలా నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకి తీసుకెళ్లండి. అంకె క్రమంగా పెరుగుతూ ఎప్పుడూ ఒకే చోట ఎగిరిపడితే లోపలి పొటెన్షియోమీటర్‌లో (తిప్పితే విలువ మారే రెసిస్టర్) కార్బన్ పూత అక్కడ అరిగింది. ముట్టుకోకపోయినా అంతటా వణుకుతుంటే తీగ టంకమో గ్రౌండో వదులైంది. చివరిదాకా చేరకపోతే గేరో స్ప్రింగో చూడాలి. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం లాంటి స్టిక్‌లలో కర్ర కదలికని అయస్కాంతంతో కొలిచే హాల్ సెన్సర్ ఉంటుంది కాబట్టి ఆ యాక్సిస్‌లకి ఈ అరుగుదల రాదు.

విప్పే ముందు ప్రతి దశకీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి, స్ప్రింగ్ ఎటు కూర్చుందో తర్వాత గుర్తుండదు. పొటెన్షియోమీటర్ సందులోంచి ఎలక్ట్రానిక్స్ కోసం అమ్మే కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, పాతికసార్లు అటూ ఇటూ తిప్పండి. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రేలు వద్దు, ఆ జిడ్డు దుమ్ముని పట్టి ఉంచుతుంది. మురికి వల్ల వచ్చిన వణుకైతే తగ్గుతుంది. పూతే అరిగిపోతే కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది, అప్పుడు మార్చాల్సిందే.

ఇక్కడ మన రేడియో, టీవీ రిపేరు షాపులు పనికొస్తాయి. వాళ్లు "వాల్యూమ్ కంట్రోల్" అని అమ్మేది కూడా పొటెన్షియోమీటరే. కానీ దాని మీదున్న అక్షరం చూసి తీసుకోవాలి. బీ100కే అని ఉంటే సమంగా పెరిగే లీనియర్ రకం, మనకి కావాల్సింది అదే. ఏ100కే అని ఉంటే చెవికి తగ్గట్టు లాగరిథమిక్‌గా పెరిగే రకం. అది పెడితే కర్ర మధ్యలో ఉన్నా విమానం ఒక పక్కకి ఒరుగుతుంది. పాతదాని మీదున్న విలువే తీసుకోవడం ఎప్పుడూ క్షేమం. గేమ్ పోర్ట్ స్టిక్‌లో ఇది మరీ ముఖ్యం, అక్కడ కొలిచేది ఓమ్‌లనే. యూఎస్‌బీ స్టిక్‌లో మూడు తీగలుంటాయి, చిప్ కొలిచేది వోల్టేజీ నిష్పత్తి, కాబట్టి విలువలో చిన్న తేడా వచ్చినా నడుస్తుంది. ఇరుసు ఆకారం, పొడవు సరిపోతాయో లేదో కొనేముందే పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మామూలు పొటెన్షియోమీటర్ దాదాపు 270 నుంచి 300 డిగ్రీలు తిరుగుతుంది. జాయ్‌స్టిక్ కర్ర కదిలేది అందులో చిన్న భాగమే. కొన్ని స్టిక్‌లలో అందుకని తక్కువ కోణంలోనే పూర్తి విలువ మారే ప్రత్యేక రకం వాడారు. దాని స్థానంలో మామూలుది పెడితే అంకెల పరిధి కుదించుకుపోతుంది. కాలిబ్రేషన్ ఆ పరిధిని సాగదీసి సరిచేస్తుంది గానీ మెట్లు ముతకగా ఉంటాయి. ల్యాండింగ్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది, అయినా అలవాటు పడొచ్చు.

టంకం వేసేటప్పుడు కర్ర నిటారుగా ఉండగా కొత్త పొటెన్షియోమీటర్ దాని తిరుగుడులో సరిగ్గా నడిమధ్యన ఉండేలా కూర్చోబెట్టండి. మల్టీమీటర్ ఉంటే నడిమి కాలుకీ రెండు చివర్లకీ మధ్య రీడింగులు సమానంగా ఉన్నాయో లేదో కొలవండి. స్టిక్ మూసి తగిలించాక విండోస్‌లో ఉన్న పాత కాలిబ్రేషన్ రీసెట్ చేయడం మరిచిపోవద్దు. అందులో ఉన్నవి అరిగిపోయిన పొటెన్షియోమీటర్ హద్దులు. రీసెట్ చేశాక ముడి అంకెలు మరోసారి చివరినుంచి చివరిదాకా చూసి, ఎక్కడా ఎగిరిపడటం లేదని తేలాకే సిమ్యులేటర్ తెరవండి.